ఎన్నో రోజు దగ్గు?

హాంకాంగ్, సింగపూర్ వైపు నుంచి వచ్చే బంధువుల సంచుల్లో టైగర్ బామ్ పక్కన ఒక్కోసారి ఇంకో సీసా కనిపిస్తుంది. లోపల నల్లటి పాకం. చెంచాలో పోస్తే తేనెలా సాగుతుంది. నోట్లో పెట్టుకోగానే పుదీనా చల్లదనం, దాని వెనకే అతిమధురం తీపి. పేరు నిన్ జియోమ్ పే పా కోవా. ‘పే పా’ అంటే లోక్వాట్ చెట్టు. ‘కోవా’ అంటే లేహ్యం, మన పాలకోవాకూ ఆ మాటకూ చుట్టరికం లేదు. ‘నిన్ జియోమ్’ అంటే అమ్మ జ్ఞాపకం. చింగ్ రాజుల కాలంలో యాంగ్ జిన్ అనే జిల్లా అధికారి తల్లికి దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే, యే తియెన్‌షీ (1667–1746) అనే పేరుమోసిన వైద్యుడు ఈ యోగం, అంటే మూలికల కూర్పు, చెప్పాడని కంపెనీ కథ. 1946లో హాంకాంగ్‌లో వ్యాపారంగా స్థిరపడిన ఈ మందు, 2018 ఫ్లూ రోజుల్లో న్యూయార్క్‌లో హఠాత్తుగా గిరాకీ పుట్టి అమెరికా పత్రికలకెక్కింది.

తాగినవాళ్లు తగ్గిందంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు అడగాలనిపించే ప్రశ్న ఒకటే: దగ్గు మొదలైన ఎన్నో రోజున తాగారు?

ఈ ప్రశ్నకు ఎందుకంత విలువ ఇస్తున్నానో చెబుతాను. 2013లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు జనాన్ని పలకరించి, జలుబుతో వచ్చిన దగ్గు ఎన్నాళ్లుంటుందని అడిగారు. ఏడు నుంచి తొమ్మిది రోజులన్నారు జనం. అదే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ పోగుచేసి లెక్కగడితే, మందేమీ వేయకపోతే అలాంటి దగ్గు సగటున 17.8 రోజులు ఉంటోందని తేలింది. మనం అనుకునేదానికి రెట్టింపు. ఎనిమిదో రోజో పదో రోజో ఓపిక నశిస్తుంది. అప్పుడు సీసా కొంటాం. దగ్గు కూడా ఇంచుమించు అప్పుడే దిగుముఖం పడుతుంది. ఆ సమయానికి చేతిలో ఏ మందుంటే పేరు దానికి దక్కుతుంది. శొంఠి కషాయమైనా అంతే, మందుల షాపు సిరప్ అయినా అంతే, చైనా లేహ్యమైనా అంతే.

చైనా మూలికలు దగ్గుకు పనిచేస్తాయా అన్నది నిజానికి నాలుగు ప్రశ్నల మూట. ఏ దగ్గు? ఏ మూలిక? దేనితో పోల్చి చూశారు? ఎన్నో రోజున మొదలుపెట్టారు? మూట విప్పకుండా అవుననేవాళ్లూ, కాదనేవాళ్లూ ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం.

చైనా సంప్రదాయంలో దగ్గంటే ఒకే జబ్బు కాదు. రెండు వేల ఏళ్ల నాటి వైద్యగ్రంథం హ్వాంగ్‌దీ నేయ్‌జింగ్‌లో దగ్గుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయముంది. దగ్గు ఊపిరితిత్తులదే కాదు, లోపలి అవయవాల్లో ఏది చెడినా దగ్గు పుట్టవచ్చన్నది దాని సారం. కడుపులో ఆమ్లం పైకి తన్నుకొచ్చి నెలల తరబడి దగ్గించడం ఈనాటి వైద్యులకు రోజూ ఎదురయ్యేదే. ఆ పాతవారి కారణాలు వేరైనా, చూపు ఛాతీ దగ్గరే ఆగిపోలేదు. అందుకే చైనా వైద్యుడు మందు రాసే ముందు చాలా అడుగుతాడు. తెమడ పలచనా, చిక్కనా? తెలుపా, పసుపా? చలి ఎక్కువా, జ్వరం ఎక్కువా? గొంతు ఆరిపోతోందా? నాలుక చాపించి మీది పొర చూస్తాడు. జవాబులను బట్టి చలిగాలి దగ్గు, వేడిగాలి దగ్గు, పొడి దగ్గు, తేమతో కఫం పేరుకున్న దగ్గు అని విడదీస్తాడు. కాసను, అంటే దగ్గును, వాతజం, పిత్తజం, కఫజం, క్షతజం, క్షయజం అని ఐదుగా చెప్పిన ఆయుర్వేదం తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు.

యోగాల్లో చాలావాటికి మూలపురుషుడు జాంగ్ జోంగ్‌జింగ్. క్రీస్తుశకం 200 ప్రాంతపు వైద్యుడు. చలితో, నీళ్లలాంటి తెమడతో వచ్చే దగ్గుకు షియావ్ చింగ్ లోంగ్ తాంగ్, అంటే చిన్న నీలి డ్రాగన్ కషాయం. జ్వరంతో, ఆయాసంతో వచ్చేదానికి మా షింగ్ షీ గాన్ తాంగ్. ఇందులో ఉండేవి నాలుగే: ఎఫెడ్రా కాడలు, చేదు ఆప్రికాట్ గింజలు, జిప్సం రాయి, అతిమధురం. గొంతు ఎండిపోయే దగ్గుకు మై మెన్ దోంగ్ తాంగ్. చాలా తర్వాత, 1732లో, చెంగ్ గ్వోపెంగ్ అనే వైద్యుడు జి సౌ సాన్ రాశాడు. పేరుకు అర్థమే దగ్గు ఆపే చూర్ణం. ఏడు దినుసులతో, ఏ వైపూ మరీ మొగ్గకుండా కూర్చిన ఆ యోగాన్ని చైనా వైద్యులు ఇప్పటికీ రాస్తున్నారు.

ఇవి వైద్యుల మందులు. ఇళ్లలో జరిగేది వేరు. బేరిపండు పైభాగం మూతలా కోసి, లోపలి గింజలు తీసేసి, పటికబెల్లం వేసి ఆవిరి మీద ఉడికిస్తారు. చేతిలో డబ్బుంటే అందులో చ్వాన్ బేయ్ మూ అనే దుంప పొడి చిటికెడు కలుపుతారు. కమలాపండు తొక్కను ఏళ్ల తరబడి ఎండబెట్టి దాచుకుంటారు, పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని నమ్ముతారు. లోక్వాట్ ఆకు వాడేటప్పుడు ఆకు అడుగున ఉండే నూగు శుభ్రంగా రుద్ది తీసేస్తారు, లేదా గుడ్డలో మూటగట్టి మరిగిస్తారు. నూగు గొంతులో పడితే దగ్గు మందే దగ్గు తెప్పిస్తుంది. ఇలాంటి జాగ్రత్తలు చూసినప్పుడు ఈ అనుభవజ్ఞానం మీద నాకు గౌరవం కలుగుతుంది. ఏం చేస్తే హాని జరుగుతుందో వెంటనే కళ్లకు కనబడేచోట సంప్రదాయం బాగా నేర్చుకుంది. వెంటనే కనబడనిచోట ఏమైందన్నది తర్వాత చెబుతాను.

రుజువుల సంగతికొస్తే ముందు చెప్పాల్సింది ఎఫెడ్రా కథ. చైనీయులు మా హ్వాంగ్ అనే ఈ మొక్కకు ఆకులు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, ఉండేవన్నీ పుల్లల్లాంటి ఆకుపచ్చ కాడలు. 1885లో జపాన్ రసాయనవేత్త నగాయి నగయోషి ఈ కాడల్లోంచి ఒక పదార్థాన్ని విడదీసి ఎఫెడ్రిన్ అని పేరు పెట్టాడు. దాదాపు నలభై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ కలిసి దాని పనితీరు ప్రచురించారు. అది అడ్రినలిన్‌ను పోలి ఉంది, రక్తపోటు పెంచుతుంది, బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది. పైగా అడ్రినలిన్‌లా సూదితోనే ఎక్కించనక్కర్లేదు, నోటితో మింగినా పనిచేస్తుంది. కొద్ది ఏళ్లలోనే ప్రపంచమంతా ఉబ్బసానికి ఎఫెడ్రిన్ వాడింది. అదే మొక్కలో ఉండే సూడోఎఫెడ్రిన్ నేటికీ ఎన్నో దేశాల్లో ముక్కుదిబ్బడ మాత్రల్లో ఉంది.

కాబట్టి జాంగ్ జోంగ్‌జింగ్ కషాయం తాగి పిల్లికూతలతో దగ్గే మనిషికి ఊపిరి ఆడిందంటే అందులో మాయ లేదు, భ్రమా లేదు. అయితే ఈ రుజువు ఎంతవరకు వర్తిస్తుందో కూడా చూడాలి. ఎఫెడ్రిన్ పనిచేసేది శ్వాసనాళాలు ముడుచుకుపోయిన దగ్గు మీద. జలుబు దగ్గరకు వచ్చేసరికి ఆ ముడత ఉండదు, మిగిలేది గుండెదడ, నిద్రలేమి. చైనా వైద్యులు మా హ్వాంగ్‌ను కొద్ది రోజులకే, మరికొన్ని మూలికలతో కలిపి ఇస్తారు. అమెరికాలో దాన్ని బరువు తగ్గించే మాత్రలుగా ఇష్టానుసారం అమ్మారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు వచ్చాక 2004లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎఫెడ్రిన్ ఉన్న ఆహారపూరకాలను నిషేధించింది. నిజంగా పనిచేసే మూలికకు నిజంగా హాని చేసే శక్తి కూడా ఉంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి కథ మన పెరట్లోనూ ఉంది. అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే 1960లలో బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, దాని సంతతే ఆంబ్రాక్సాల్. ఈరోజు మన మందుల షాపుల్లో కఫం కరిగిస్తాయని అమ్మే సిరప్‌లలో చాలావాటి మీద ఈ రెండు పేర్లే కనిపిస్తాయి. కానీ మొక్కలోంచి మందు పుట్టినంత మాత్రాన ఆ మొక్కతో చేసిన కషాయం గుణం రుజువైనట్టు కాదు. ఎంత మోతాదులో ఉంది, ఎవరికిచ్చారు, ఏ దగ్గుకిచ్చారు అన్నవన్నీ మళ్లీ మొదటి నుంచీ చూసుకోవాల్సిందే.

మిగతా మూలికల్లో చాలావాటికి రుజువులు ఇంకా బోనులు దాటి బయటికి రాలేదు. బై బూ అనే వేరును చైనాలో కోరింత దగ్గుకూ, తలలో పేలకూ కూడా వాడతారు. దానిలోని స్టెమోనా ఆల్కలాయిడ్లను హాంకాంగ్ పరిశోధకులు గినీ పందుల మీద పరీక్షించారు. సిట్రిక్ ఆమ్లం తుంపర పీల్పించి దగ్గు తెప్పించి, మందు ఇచ్చాక ఎన్నిసార్లు దగ్గాయో లెక్కపెట్టారు. దగ్గు తగ్గింది. బావుంది. కానీ గినీ పందికి తెప్పించిన ఆ దగ్గు నిమిషాల్లో ముగిసేది. జలుబు చేసిన మనిషి దగ్గు రెండున్నర వారాలు తనంతట తాను పెరిగి, తనంతట తాను తగ్గేది. మొదటిదాంట్లో గెలిచిన మందు రెండోదాంట్లో గెలుస్తుందని చెప్పలేం.

మనుషుల మీద పరీక్షలు లేవా అంటే, కొల్లలుగా ఉన్నాయి. చిక్కంతా అక్కడే. తీవ్ర బ్రాంకైటిస్‌కు చైనా మూలికల మీద, వైద్య పరీక్షలన్నీ పోగుచేసి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష 2012లో నవీకరించిన రూపంలో వచ్చింది. డజన్ల కొద్దీ పరీక్షలు, వేలాది రోగులు. చాలా పరీక్షల్లో ఫలితం మూలికలవైపే ఉంది. అయినా సమీక్షకులు వాటిని సిఫారసు చేయలేకపోయారు. మంచి నాణ్యత ఉన్న ఆధారాలు చాలవన్నారు, భద్రత సంగతీ సరిగా తేలలేదన్నారు.

ఎందుకలా అన్నారో ఒక పరీక్షను ఊహించుకుంటే అర్థమవుతుంది. బ్రాంకైటిస్ రోగులను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు యాంటీబయాటిక్, రెండో జట్టుకు యాంటీబయాటిక్‌తో పాటు కషాయం. వారం తర్వాత వైద్యుడే చూసి ‘పూర్తిగా నయం’, ‘బాగా గుణం’, ‘గుణం’, ‘గుణం లేదు’ అని నాలుగు గళ్లలో వేస్తాడు. మొదటి మూడూ కలిపి ‘మొత్తం గుణం’ అంటారు. తొంభై శాతానికి గుణం కనిపించిందని పత్రిక రాస్తుంది. ఎవరు కషాయం తాగుతున్నారో వైద్యుడికీ తెలుసు, రోగికీ తెలుసు. బ్రాంకైటిస్ ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది, దాని మీద యాంటీబయాటిక్ పెద్దగా చేసేదేమీ ఉండదు. వారంలో కొంత గుణం ఏమీ తాగనివారికీ కనబడుతుంది. ఇన్ని సందుల్లోంచి వచ్చిన ‘తొంభై శాతం’లో కషాయం వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

ఇది నేను చైనా మీద వేస్తున్న నింద కాదు, చైనా పరిశోధకులే స్వయంగా తవ్వి బయటపెట్టిన సంగతి. 2009లో చెంగ్దూ పరిశోధకులు ‘చీటీ వేసినట్టు విడదీశాం’ అని రాసుకున్న 2,235 పరీక్షల రచయితలకు ఫోన్లు చేసి, ఎలా విడదీశారో చెప్పమన్నారు. సరైన పద్ధతి పాటించినవి 207. వాటిలో మూలికల పరీక్షలే కాదు, మామూలు అల్లోపతి మందుల పరీక్షలూ ఉన్నాయి. అంతకుముందు 1998లో బ్రిటన్ పరిశోధకుల అధ్యయనం ఇంకో కోణం చూపింది. చైనా నుంచి వచ్చిన పరీక్షల్లో 99 శాతం కొత్త చికిత్సే గెలిచిందని చెప్పాయి, ఇంగ్లండ్ పరీక్షల్లో అది 75 శాతం. ఎవరూ ఓడని పోటీల్లో గెలుపుకు విలువేముంటుంది? ఆ తర్వాతి కాలంలో చైనాలో పద్ధతులు చాలా మెరుగుపడ్డాయి, పరీక్షలను ముందే నమోదు చేయడం వచ్చింది. కానీ సమీక్షల్లోకి చేరిన రాశిలో పాతదే ఎక్కువ.

బాగా జరిగిన పరీక్షలు కూడా ఉన్నాయి. వాటిని దాటేసి మాట్లాడటం న్యాయం కాదు. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ వచ్చినప్పుడు మా షింగ్ షీ గాన్ తాంగ్‌నూ, యిన్ చియావ్ సాన్ అనే మరో యోగాన్నీ కలిపి 410 మంది రోగుల్లో పరీక్షించారు. ఫలితం 2011లో యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. జ్వరం దిగడానికి మందేమీ ఇవ్వనివారికి 26 గంటలు పట్టింది, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు వేసుకున్నవారికి 20, కషాయం తాగినవారికి 16, రెండూ తీసుకున్నవారికి 15. పేరున్న పత్రిక, స్పష్టమైన అంకెలు. కానీ ఉత్తుత్తి కషాయం, అంటే ప్లసీబో, తాగిన జట్టు లేదు. పైగా అక్కడ ప్రధానంగా కొలిచింది జ్వరాన్ని, దగ్గును కాదు. ఇది దగ్గుకు రుజువంటే ఒప్పుకోలేను. ఏమీ లేదంటే అంతకన్నా ఒప్పుకోలేను.

2003 సార్స్ రోజుల్లో రూపొందిన ల్యెన్‌హ్వా చింగ్‌వెన్ గుళికలదీ ఇలాంటి కథే. కోవిడ్ తొలి నెలల్లో 284 మంది మీద చేసిన పరీక్షలో లక్షణాలు తగ్గడానికి గుళికలు వేసుకున్నవారికి 7 రోజులు, వేసుకోనివారికి 10 రోజులు పట్టిందన్నారు. అక్కడా ఎవరికేమిస్తున్నారో అందరికీ తెలుసు. తర్వాత ప్లసీబోతో పోల్చిన పెద్ద పరీక్ష కూడా వచ్చింది, దాంట్లోనూ లక్షణాలు త్వరగా తగ్గాయన్నారు. ఇంతలో ఆ గుళికలు జాతీయ గౌరవంతో ముడిపడిపోయాయి. 2022లో షాంఘైలో ఇళ్లలో బంధించిన జనానికి కూరగాయల కన్నా ముందు గుళికల పెట్టెలు అందాయన్న ఫిర్యాదులు వచ్చాయి. మందు జెండా అయిపోతే పరీక్ష రాజకీయమైపోతుంది. కరోనా కాలంలో మన దేశంలోనూ ఆ వాతావరణం మనం చూశాం.

జపాన్ దారి వేరు. అక్కడ చైనా నుంచి వచ్చిన యోగాలను కంపో అంటారు. 148 యోగాలు ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద దొరుకుతాయి, కర్మాగారంలో ఒకే ప్రమాణంతో తయారవుతాయి, అల్లోపతి వైద్యులే రాస్తారు. మై మెన్ దోంగ్ తాంగ్‌ను వాళ్లు బకుమోన్దోతో అంటారు. జలుబు తగ్గినా దగ్గు మాత్రం వారాల తరబడి మిగిలిపోయేవారికి ఇస్తారు. చిన్న చిన్న పరీక్షల్లో కొంత గుణం కనిపించింది. దగ్గులన్నీ కలిపేయకుండా ఒక్క రకాన్ని పట్టుకుని, ఒకే యోగంతో, ఒకే ప్రమాణంతో ముందుకెళ్లడం నాకు నచ్చింది. పరీక్షలు ఇంకా చిన్నవే, అయినా దారి సరైనది.

ఇన్నిటిలోకీ గట్టి ఆధారం దేనికుందని నన్నడిగితే, చెప్పే పేరు తెలుగువారికి చిరపరిచితం. నేలవేము. చైనావారు చ్వాన్ షిన్ ల్యెన్ అంటారు, గుండెను చీల్చే తామర అని అర్థం, ఆ చేదు అలాంటిది. పుట్టిల్లు మన దేశం, శ్రీలంక. చైనా మూలికల్లోకి ఆలస్యంగా వెళ్లింది. 2017లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన సమీక్ష 33 పరీక్షలు, 7,175 మంది రోగుల వివరాలు పోగుచేసింది. ప్లసీబోతో పోల్చినప్పుడు కూడా దగ్గు, గొంతునొప్పి తగ్గించడంలో నేలవేము కొంత మేలుగా కనిపించింది. స్వీడన్‌లో అమ్మే మందులోనూ, చైనా మాత్రల్లోనూ, భారతదేశపు సారంలోనూ ఫలితం ఒకే వైపు మొగ్గడం చిన్న విషయం కాదు. పరీక్షల నాణ్యత అంతంతమాత్రమేనని ఆ సమీక్షకులే రాశారు. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ, నేలవేము ఉన్న మాత్రలతో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ రావచ్చని హెచ్చరించింది కూడా. అయినా ఎవరైనా నిధులు పట్టుకుని, ఏ మూలికను ముందు పరీక్షించమంటావని అడిగితే దీన్నే చూపిస్తాను. ఆ పరీక్ష హైదరాబాద్‌లోనో విశాఖలోనో జరిగితే మరీ సంతోషం.

చైనా వైద్యులు ఈ పరీక్షల మీద ఒక అభ్యంతరం చెబుతారు. మా వైద్యంలో ఇద్దరు రోగులకు ఒకే మందు ఉండదు, వందమందికి ఒకే గుళిక ఇచ్చి గుణం లేదంటే అది మా వైద్యానికి పరీక్షే కాదు అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు. కానీ దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. 1998లో ఆస్ట్రేలియాలో పేగుల జబ్బు ఉన్న 116 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు చైనా వైద్యుడు మనిషిని బట్టి కూర్చిన మూలికలు, రెండో జట్టుకు అందరికీ ఒకే యోగం, మూడో జట్టుకు ప్లసీబో. గుళికలన్నీ ఒకేలా ఉన్నాయి. వైద్యుడు తనకిష్టమైనట్టే రాశాడు, రోగికి ఏది చేరిందో మాత్రం అతనికి తెలియదు. మూలికల జట్లు రెండూ ప్లసీబోను మించాయి. మందు ఆపేశాక గుణం నిలిచింది మాత్రం మనిషిని బట్టి ఇచ్చిన జట్టులోనే. దగ్గుకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టవచ్చు. కషాయం రుచి దాచలేమంటే, అసలు కషాయాన్నే పదో వంతుకు పలచన చేసి ప్లసీబోగా ఇస్తున్నవాళ్లున్నారు. పరీక్షించడం కుదరదన్న మాట ఇక చెల్లదు.

ఇక తీపి సంగతి. కార్డిఫ్‌లో జలుబు మీద జీవితమంతా పనిచేసిన రాన్ ఎకల్స్, దగ్గు మందుల పరీక్షలను విడమరచి చూసి ఒక మాటన్నారు. దగ్గు తగ్గడంలో అత్యధిక భాగం, కొన్ని పరీక్షల్లో 85 శాతం దాకా, మందులోని ఔషధానిది కాదు. తీపి పాకం గొంతును పూయడం, నోట్లో లాలాజలం ఊరడం, మింగడం, తాగానన్న నమ్మకం, ఇవన్నీ కలిసి చేసే పని అది. 2018 నాటి కొక్రేన్ సమీక్షలో ఆరు పరీక్షలు, 899 మంది పిల్లల వివరాలు చూస్తే, పిల్లల రాత్రి దగ్గుకు తేనె కొంత మేలు చేస్తుందని తేలింది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె ఇవ్వకూడదు. పే పా కోవా నిండా ఉన్నది తేనే, పాకమే కాబట్టి ఆ ఉపశమనం నిజమే. మూలికలు లేకుండా అంతే తియ్యగా చేసిన పాకంతో పోల్చనిదే మూలికల వాటా తేలదు.

ఇందులో అల్లోపతి గర్వపడాల్సిందీ ఏమీ లేదు. మందుల షాపుల్లో చీటీ లేకుండా అమ్మే దగ్గు మందుల మీద 2014లో వచ్చిన కొక్రేన్ సమీక్ష 29 పరీక్షలు, 4,835 మందిని చూసి, పనిచేస్తాయనడానికీ పనిచేయవనడానికీ మంచి ఆధారం లేదని తేల్చింది. దీర్ఘకాలపు దగ్గుకు దశాబ్దాల తర్వాత వచ్చిన కొత్త మందు గెఫాపిక్సాంట్. దాని పెద్ద పరీక్షల్లో ప్లసీబో వేసుకున్నవారి దగ్గు కూడా సగానికి పైగా తగ్గిపోయింది. జపాన్, ఐరోపా అనుమతించినా అమెరికా ఎఫ్‌డీఏ రెండుసార్లు వెనక్కి పంపింది. దగ్గును కొలవడమే కష్టం, దాని మీద గెలవడం మరీ కష్టం.

హాని దగ్గర ఆధారాలు ఇంత మసకగా లేవు. నన్ను బాగా కలవరపెట్టేది మా దౌ లింగ్. అరిస్టోలోకియా జాతి తీగ కాయ ఇది. శతాబ్దాలుగా చైనాలో దగ్గుకు, ఆయాసానికి వాడారు. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో సన్నబడే మాత్రలు వేసుకున్న యువతుల మూత్రపిండాలు ఒక్కొక్కరివే దెబ్బతినడం మొదలైంది. కారణం, ఒక చైనా మూలిక స్థానంలో పొరపాటున వచ్చి చేరిన ఇంకో అరిస్టోలోకియా మొక్క. బాధితులు వంద దాటారు. కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ కూడా వచ్చింది. అరిస్టోలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కలిగిస్తుందని ఇప్పుడు నిర్ధారణ అయింది. 2017లో తైవాన్ కాలేయ క్యాన్సర్ రోగులు 98 మంది కణితులను పరీక్షిస్తే 78 శాతం కణితుల్లో ఆ ఆమ్లం జన్యువుల మీద వేసిన ముద్ర కనిపించింది. చైనా అధికారిక ఔషధ గ్రంథం 2020 ముద్రణలో మా దౌ లింగ్‌ను తీసేసింది.

ఇంతకుముందు ఆపిన మాట ఇదే. లోక్వాట్ ఆకు నూగు గొంతులో గుచ్చుకుంటే అరగంటలో తెలుస్తుంది, సంప్రదాయం దాన్ని సరిచేసుకుంది. పదేళ్ల తర్వాత మూత్రపిండం చెడితే, ఎప్పుడో దగ్గుకు తాగిన కషాయాన్ని ఏ తాత గుర్తుపడతాడు, ఏ వైద్యుడు గుర్తుపడతాడు? వేల ఏళ్ల అనుభవం ఈ ఒక్క విషయంలో గుడ్డిది. మన పొలంగట్ల మీది గాడిదగడపాకు, మన కొండల్లోని ఈశ్వరి కూడా అరిస్టోలోకియాలే. నాటువైద్యంలో వాటిని నేటికీ లోపలికి ఇస్తున్నవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మిగతా ప్రమాదాలు త్వరగా చెప్పేస్తాను. దగ్గుకు వాడే క్వాన్ దోంగ్ హ్వా పూలలో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లున్నాయి, అలాంటి మొక్కల మీద జర్మనీ 1992లోనే పరిమితి పెట్టింది. చేదు ఆప్రికాట్ గింజలు కడుపులో సైనైడ్ వదులుతాయి, పిల్లలకు కొద్దిపాటి ఎక్కువైనా ముప్పే. అతిమధురం రోజూ ఎక్కువగా తింటే ఒంట్లో పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. చైనాలో ఎంతో ప్రజాదరణ ఉన్న మిశ్రమ అతిమధురం మాత్రల్లో నల్లమందు పొడి ఉంటుంది. ఒక రకం గట్టి లోక్వాట్ పానకంలో గసగసాల కాయ పెంకు ఉంటుంది. సీసా మీద ఆకు బొమ్మ చూసి వాటిని నిరపాయమనుకోకూడదు. మూలికా సారాన్ని నరానికెక్కించే ప్రయోగమూ జరిగింది. యూషింగ్‌సావ్ అనే ఆకు ఇంజెక్షన్ల వల్ల మరణాలు సంభవించాక 2006లో చైనా ప్రభుత్వమే వాటిని ఆపేసింది.

మళ్లీ ఎన్నో రోజు అన్న దగ్గరికే వస్తున్నాను. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలని జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం నియమం. తెమడలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా అంతవరకూ కూడా ఆగకూడదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రల వల్ల వచ్చే పొడిదగ్గు ఆ మాత్ర మారిస్తేనే పోతుంది. పదో రోజున కొన్న తియ్యటి సీసా గొంతుకు హాయినిచ్చి, పదిహేనో రోజున చేయించాల్సిన తెమడ పరీక్షను నలభయ్యో రోజుకు నెట్టేస్తే, సీసాలో విషం ఏమీ లేకపోయినా నష్టం జరిగినట్టే.

చివరిగా ఆ ఖరీదైన దుంప, చ్వాన్ బేయ్ మూ. ఫ్రిటిల్లేరియా జాతి మొక్క గడ్డ. సిచువాన్, టిబెట్ ఎత్తు కొండల్లో రాళ్ల మధ్య మొలుస్తుంది. ఇదే జాతికి చెందిన హిమాలయ మొక్కను, మన ఆయుర్వేదం చెప్పే ఎనిమిది మూలికల అష్టవర్గంలోని క్షీరకాకోలిగా కొందరు గుర్తిస్తారు. విత్తనం మొలిచి గడ్డ కట్టి పువ్వు పూసేందుకు ఏళ్లు పడుతుంది. గడ్డ గోలీకాయంత కూడా ఉండదు, కిలో కావాలంటే వేల మొక్కలు పెకలించాలి. జంతువుల్లో దగ్గు తగ్గించినట్టు ఆధారాలున్నాయి, మనుషుల్లో ఈ ఒక్క దుంపనే తీసుకుని గట్టిగా పరీక్షించిన దాఖలాలు బహు తక్కువ. చైనా 2021లో ఈ జాతిని రక్షిత మొక్కల జాబితాలో చేర్చింది.

ఆ జాతిలో ఒకటైన ఫ్రిటిల్లేరియా దెలవాయి మీద చైనా, బ్రిటన్ శాస్త్రవేత్తలు చేసిన పని 2020లో వెలువడింది. తవ్వేవాళ్లు చేరలేని లోయల్లో ఈ మొక్క పచ్చటి ఆకులతోనే ఉంది. ఏళ్ల తరబడి తవ్వకాలు జరిగిన కొండల్లో మాత్రం ఆకులు బూడిదరంగుకో గోధుమరంగుకో మారాయి, చుట్టూ ఉన్న రాళ్లలో కలిసిపోతున్నాయి. పచ్చగా కనిపించినవన్నీ మనిషి చేతికి చిక్కాయి, కనబడనివి మిగిలి విత్తనం వేశాయి. ఆ మొక్కను మేసే జంతువుల జాడ అక్కడ కనబడలేదు. మన దగ్గుకు భయపడి అది రాయి రంగు వేసుకుంది.